నా రక్తం, ఆయన పేరు

నేను చచ్చిపోయానని నాకు మొట్టమొదట చెప్పింది రక్తం తీసే అమ్మాయి. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, "అంకుల్, మీరే కదా పోయింది?" అని అడిగింది.

నన్నెరిగినవాళ్లు ఈ మాట దగ్గరే నవ్వేసి పేజీ తిప్పేస్తారు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల నా కోతలకి అంత పేరుంది. మార్టూరులో ఒకడు తాను పాలిష్ పెట్టిన గ్రానైట్ పలకలో తన మొహమే చూసుకుని, ఎదుటివాడు దారివ్వడం లేదని పొద్దుగూకేదాకా పోట్లాడాడని చెప్పింది నేనే. ఒక ఏడు కాయ ఘాటుకి మా కొట్టు గోడ మీద బల్లి కూడా దగ్గిందని చెప్పిందీ నేనే. గోనెసంచులూ పురికొసా అమ్ముకునేవాడికి కబుర్లు ఊరికే దొరుకుతాయి. కొనుక్కోవడానికి వచ్చిన రైతులు నవ్వి మరో కట్ట ఎక్కువ పట్టుకుపోతారు.

ఇది మాత్రం కోత కాదు. ఆయన పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన నాకు బావ. రక్తసంబంధం ఏమీ లేదు, అప్పటికి. ఇద్దరిదీ సత్తెనపల్లి పక్క ఒకే ఊరు, గుంటూరులో ఒకే వీధి. నేను "బావా" అనేవాణ్ణి, ఆయన "ఒరేయ్ బామ్మర్దీ" అనేవాడు. ఆయన భార్యని అక్కయ్యా అని పిలిచేవాణ్ణి.

యార్డులో ఒక కమీషన్ కొట్టులో సరుకు చూసే మనిషి ఆయన. రైతు సంచి మూతి విప్పి, పైన ఎర్రగా నిగనిగలాడే కాయ చూపిస్తాడు. బావ దానివంక కన్నెత్తి చూడడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిదాకా సంచిలోకి దింపి, అడుగునున్న కాయ గుప్పెడు పట్టి పైకి లాగుతాడు. ఆ గుప్పెడే మచ్చు. ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు, గింజల చప్పుడు వింటాడు. విరుస్తాడు, వాసన చూస్తాడు. రంగు పోయిన తాలుకాయ ఒక్కటి తగిలినా పక్కన పెట్టి, రైతు మొహంలోకి చూస్తాడు.

"పైన ఉంది నువ్వు చూపించాలనుకున్నదయ్యా. నాకు నువ్వు దాచింది కావాలి."

ఈ మాట ఆయన అనగా ఎన్ని వందలసార్లు విన్నానో. అన్నాక ఇక బేరం ఉండదు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కూడా ఆ గుప్పెటికి తలొగ్గేవాళ్లు.

ఒకసారి వినుకొండ నుంచి అక్కయ్య తమ్ముడే సరుకు తెచ్చాడు. బావగారి కొట్టు కదా, చూసీ చూడనట్టు వదిలేస్తాడని ధైర్యం. బావ చెయ్యి దింపాడు, లాగాడు, నలుగురిలో గట్టిగా "అడుగంతా తాలే" అన్నాడు. ఆ తమ్ముడు చాలా ఏళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కయ్య వారం రోజులు మాట్లాడకుండా అన్నం పెట్టింది. "నా చెయ్యి ఒక్కసారి అబద్ధం చెబితే రేపు దాన్ని సంచిలో ఎవడు పెట్టనిస్తాడే?" అన్నాడట ఆమెతో.

కుడిచేత్తో ఆయన ఎప్పుడూ కళ్లు తుడుచుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మజ్జిగతో చేతులు రుద్ది కడుక్కున్నా మంట పోదు. దురద పెట్టినా, చెమట కారినా, వాళ్లమ్మ పోయినప్పుడు ఏడుపొచ్చినా ఎడమచేతి మణికట్టే. పెళ్లిలో తలంబ్రాలు కూడా ఎడంచేత్తోనే పోశాడని, లేకపోతే పెళ్లికూతురు మంటకి పీటల మీదనుంచి లేచిపోయేదని నేను ప్రచారం చేశాను. అక్కయ్య నవ్వీ నవ్వీ, "వీడి నోట్లో కారం కొట్టండి" అనేది.

నేను కోత మొదలుపెడితే బావ అరచెయ్యి చాపేవాడు, మచ్చు అడిగినట్టు.

"ఇందులో తాలెంతరా?"

"సగం ఉంటుంది బావా."

"అది ఏరి పారేసి మిగతాది చెప్పు."

ఆయన కోసం ఏరి చెబితే కథలో ఏమీ మిగిలేది కాదు. అయినా చెప్పేవాణ్ణి, ఆ అరచెయ్యి చాపడం కోసమే.

యార్డులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో స్టెంటు వేశారు. మొదటిసారి చూడ్డానికి వెళితే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "ఏం లేదురా, సంచి మూతి మూసుకుపోకుండా లోపల వెదురుబద్ద పెట్టినట్టు ఒక స్ప్రింగు పెట్టారు."

కొన్ని వారాల తర్వాత డాక్టరుకి చూపించుకోవడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. డాక్టరు కుర్రాడే, ఓపికైనవాడు. రక్తపరీక్ష కాగితం చూస్తూ నుదురు ముడిచాడు.

"స్టెంటు బాగానే కూర్చుందండి. రక్తమే నాకు నచ్చడం లేదు. ఇదిగో, ఈ సీఆర్‌పీ ఎక్కువుంది. ఒంట్లో ఎక్కడో మంట రాజుకుంటోందని దానర్థం. ఎక్కడో అది చెప్పదు, ఉందని మాత్రం చెబుతుంది. ఈ ఫైబ్రినోజెన్, ఈ డీ-డైమర్, ఇవి రక్తం గడ్డకట్టే పని లోపల ఎంత జోరుగా సాగుతోందో కొంత తెలుపుతాయి. అవీ ఎక్కువే."

"మచ్చు తీశారన్నమాట," అన్నాడు బావ.

"మచ్చేనండి."

"పైనుంచి తీశారా, అడుగునుంచా?"

డాక్టరు నవ్వాడు. "రక్తానికి పైనా అడుగూ ఉండవండి. ఎక్కడ తీసినా ఒకటే. అందుకే దాన్ని నమ్ముతాం."

బావ నవ్వలేదు. ఆ మాట లోపల ఎక్కడో దాచుకున్నట్టు తల ఊపాడు.

"చుట్ట మానేశారా?"

"మానేశానండి."

"మాత్రలు?"

"పూట తప్పకుండా."

అప్పుడు ఆయన కిటికీవంక చూశాడు. ఎదుటి మనిషి కళ్లలోకి చూడకుండా ఆయన మాట్లాడ్డం నేనెప్పుడూ చూడలేదు. జబ్బు మనిషి కదా అనుకున్నాను. పైగా, "మా బావ మాటంటే మాటేనండి, యార్డంతా సాక్ష్యం" అని నేను కూడా ఒక మాట వేశాను.

"గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఒక్కపూట కూడా మానొద్దు," అన్నాడు డాక్టరు. "స్టెంటులో రక్తం గడ్డకడితే నా చేతుల్లో ఉండకపోవచ్చు. కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చేయిద్దాం. ఇవి తగ్గేదాకా యార్డు ధూళిలోకి వెళ్లొద్దు."

అదీ శిక్ష. మిగతావన్నీ ఆయన లెక్కలో శిక్షలు కావు.

అది కాయ జోరుగా దిగే రోజులు. రాత్రింబవళ్లు లారీలు, ట్రాక్టర్లు. గాలి అటునుంచి తిరిగితే మా వీధిలో కూడా ముక్కు చుర్రుమంటుంది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవాడు, ఎవరో పిలుస్తారన్నట్టు. కొట్టు యజమాని వచ్చి పలకరించి, "డాక్టరు సరేనన్నాకే రండి, తొందరేముంది" అని వెళ్లాడు. ఈలోగా ఎవరో కొత్తవాణ్ణి కూర్చోబెట్టారు. "వాడు పైకాయ చూసి ధర చెబుతున్నాడంటరా!" అని బావ నా దగ్గర గింజుకున్నాడు. "ఇంకో నెల నేను లేకపోతే, నేనుండేవాణ్ణన్న సంగతి కూడా మర్చిపోతారు."

అక్కయ్య ఒకరోజు గొంతు తగ్గించి చెప్పింది. "తమ్ముడూ, మీ బావ బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఊరికే నిలబడుతున్నాడు. ఏమిటండీ అంటే, ఏం లేదంటాడు."

తర్వాత కొద్దిరోజులకి బావ ఫోన్ చేశాడు. "పొద్దున్నే ఏమీ తినకుండా మా ఇంటికి రారా. ల్యాబువాళ్లు ఒకరు చేయించుకుంటే ఇంకొకరికి ఉచితమంటున్నారు. నీకూ చూపిద్దాం. ఇలా కోతలు కోసేవాళ్లకి గుండె పాడవుతుందిట."

వెళ్లాను. నా గురించి అంత ఆలోచించాడని గుండె నిండిపోయింది కూడా.

స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. బావ గేటు దగ్గరికి ఎదురెళ్లి ఏదో మాట్లాడి, లోపలికి తీసుకొచ్చి నన్ను చూపించాడు. సూదంటే నాకు చెడ్డ భయం. కళ్లు మూసుకుని, మొహం గోడకి తిప్పి, గుండెదడ తెలియకుండా ఆ అమ్మాయికి దగ్గిన బల్లి కథ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నవ్వుతూ తీసేసింది.

"ఈ వయసుకి మీరు భలే ఉన్నారంకుల్," అంది.

జుట్టుకి రంగు వేసుకోవడం ఊరికే పోలేదని పొంగిపోయాను. ఏ వయసుకి అని అడగాలని తట్టలేదు.

"మరి నీది, బావా?" అన్నాను ఆమె వెళ్లాక.

"నిన్న ఆసుపత్రిలోనే ఇచ్చొచ్చాన్లే."

అక్కయ్య కాఫీ తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ నావంక చూడలేదు.

రెండ్రోజులకి బావ కొట్టుకొచ్చాడు, మొహం వెలిగిపోతూ. డాక్టరు చాలా సంతోషించాడట, మూతికి గుడ్డ కట్టుకుని పూటసేపు యార్డుకి వెళ్లిరావచ్చన్నాడట.

"నా సంగతేమిటి బావా?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, కుడిచెయ్యి. "నీది మేలురకంరా. తొడిమ కూడా తియ్యక్కర్లేదు."

నా రక్తం మేలురకమని యార్డులో దొరికినవాడికల్లా చెప్పుకున్నాను. వాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. అరచెయ్యి మాత్రం చాపలేదు.

మళ్లీ చెయ్యి దింపసాగాడు. కొత్తవాణ్ణి పంపేశారు. ఒక మధ్యాహ్నం సంచి దగ్గర వంగినవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. చచ్చిపోయేటప్పుడు కూడా గుప్పిట్లో తాలుకాయ పట్టుకునే ఉన్నాడని యార్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను వెళ్లి చూశాను. గుప్పిట్లో ఏమీ లేదు.

ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు చేతనైనంతా చేసి బయటికొచ్చాడు. స్టెంటులోనే గడ్డకట్టిందన్నాడు. మొన్నటి కాగితం మళ్లీ మళ్లీ తిరగేసి, "నాకేమో ఈ రక్తం ఈయనది కాదేమో అనిపిస్తోందండి" అన్నాడు.

వినుకొండ తమ్ముడు అప్పటికే వచ్చేశాడు. ఆయన అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. "చూశారా? అంతా నార్మల్ అని చెప్పి పంపాడు. మనిషి పోయేసరికి రక్తమే ఆయనది కాదంటున్నాడు!"

మర్నాడు పొద్దున ఇంటిముందు షామియానా, ఐసుపెట్టెలో బావ. వచ్చినవాళ్లకి నేనే టీ అందిస్తున్నాను. అప్పుడే ఆ రక్తం తీసే అమ్మాయి పక్కింటికేదో పనిమీద వచ్చి, ఎవరు పోయారని అడిగి, పేరు విని లోపలికొచ్చింది. నన్ను చూసి బిత్తరపోయి, మొదట్లో చెప్పిన ఆ మాట అడిగింది.

ఆమెని పక్కకి తీసుకెళ్లాను. "అమ్మా, ఆ రోజు గొట్టం మీద ఏం పేరు రాశావు?"

చెప్పింది. బావ పేరు, బావ వయసు. "గేటు దగ్గర ఆయనే చెప్పారంకుల్, లోపలున్నది ఆ పేరుగల ఆయనే, మాటకారి, పేరడిగితే కథ చెబుతాడు, నేను చెబుతా రాసుకోమన్నారు." ఆమెకి సంగతి అర్థమై కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా ఉద్యోగం పోతుందంకుల్."

నాకు ఏడుపు రాలేదు. నేను అబద్ధాలు చెబుతాను. వాటిలో తాలుందని విన్న ప్రతివాడికీ తెలుసు. ఈయన మోచేతిదాకా చెయ్యి పెట్టి తీసింది నా ఒంట్లోంచి, చూపించింది తనదని. సొంత రక్తానికి పైకాయ లేదని డాక్టరు చెప్పాడు కాబట్టి పక్కవాడి సంచి విప్పాడు. మేలురకమని నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

ఈలోగా షామియానా కింద కేకలు. శవాన్ని శ్మశానానికి కాదు, ఆసుపత్రి గుమ్మం ముందుకి తీసుకెళ్లి, అక్కడ పెట్టి కూర్చోవాలంటున్నారు. వినుకొండ తమ్ముడు ఆ కాగితం గాల్లో ఊపుతున్నాడు. ఆ డాక్టరుని చొక్కా పట్టుకుని లాక్కురావాలంటున్నారు కుర్రాళ్లు. ట్రక్కు కూడా వచ్చేసింది.

వెళ్లి అడ్డం నిలబడ్డాను. "ఆగండి. ఆ కాగితంలో ఉంది బావ రక్తం కాదు. నాది. బావే నాకు తెలియకుండా నా చేత ఇప్పించాడు."

ఎవడో కిసుక్కున నవ్వాడు, శవం దగ్గర.

"ఇక్కడ కూడా కోతలేనా నీకు?" అన్నాడు వినుకొండ తమ్ముడు. "సొంత బావమరిదిని, నా సరుకునే నలుగురిలో తాలన్న మనిషయ్యా ఆయన! నేనే ఒప్పుకుంటున్నా, ఆ వేళ ఆయన చెప్పింది నిజం. అలాంటి మనిషి మచ్చు మార్చాడంటావా? పో అవతలికి!"

డాక్టరు డబ్బిచ్చి నన్ను పంపాడేమోనని కూడా వెనకనుంచి ఎవరో అన్నారు. నా మొహంవంక చూసి నమ్మినవాడు అంతమందిలో ఒక్కడు లేడు.

అక్కయ్య లోపల్నుంచి కబురు పెట్టింది. వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లని బయటికి పంపింది.

"నువ్వు చెప్పింది నిజమే తమ్ముడూ."

"నీకు తెలుసా?"

"గేటు దగ్గర ఆ పిల్లతో ఏం చెప్పాడో విన్నాను. కాఫీ కలుపుతున్నాను అప్పుడు. తర్వాత అడిగితే, ఒక్కసారికేగా, మళ్లీ పరీక్షకి నాదే ఇస్తానన్నాడు." పెరటి తలుపువంక చూసింది. "ఆ మాత్ర వేసుకుంటే చేతులమీద నల్లమచ్చలొస్తున్నాయని మానేశాడు. రాత్రి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే కరివేపాకు మొదట్లో కనిపించాయి, మాత్రలన్నీ."

"మరి అక్కయ్యా, బయటికొచ్చి ఆ ముక్క చెప్పు. వాళ్లు ఆ డాక్టరుని చంపేసేట్టున్నారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నా నోటితో ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యలేను. బయట చూశావుగా ఎంతమంది వచ్చారో. వాళ్లంతా దేనికోసం వచ్చారు? ఆయన చేతికోసం. ఆ ఒక్కటీ ఉండనీ." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే తమాషాకి చేశావని చెప్పు తమ్ముడూ. నీకైతే అతుకుతుంది."

ఆ మాట ఆమె ఎంత ప్రేమగా అందో! బావ నా రక్తం వాడుకున్నాడు, అక్కయ్య నా నోరు అడుగుతోంది. బయట ట్రక్కు ఇంజన్ మొదలైంది.

వెళ్లి చెప్పాను. "బావ ఇప్పించలేదు. బావ స్నానానికి వెళ్లాడు. ఆ అమ్మాయి వచ్చి పేరడిగితే, నేనే తమాషాకి బావ పేరు చెప్పి చెయ్యి చాపాను. తర్వాత చెప్పి నవ్విద్దామనుకున్నాను. డాక్టరు తప్పు లేదు. ఆ పిల్ల తప్పూ లేదు."

ఇంకా వాక్యం పూర్తికాలేదు. "అదీ! ఇప్పుడు కక్కాడు నిజం!" అని అరిచారు. వినుకొండ తమ్ముడు లాగి కొట్టాడు. చెవి గింగురుమంది. ఎవరూ అడ్డుపడలేదు. ఏ ముక్కలో తాలుందని ఎవరూ చెయ్యి చాపలేదు. ట్రక్కు ఆపేశారు. ఆసుపత్రికి వెళ్లే సంగతి అక్కడితో పోయింది.

పాడె మొయ్యడానికి నన్ను రానివ్వలేదు. వెనకగా నడిచాను. శ్మశానానికి కాస్త ఇవతల, మామూలుగా చేసేట్టే పాడెని నేలమీద దించారు. దింపుడు కళ్లం అంటారు. పోయినవాడిలో ఎక్కడైనా ఇంకా ప్రాణం ఉంటే పిలుపు విని లేస్తాడని, అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరుపెట్టి పిలవాలి. ఎవరూ లేవరని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు. వినుకొండ తమ్ముడు పిలిచాడు. కొట్టు యజమాని పిలిచాడు. యార్డు వాళ్లు వరసగా వంగి, పిలిచి, కళ్లు తుడుచుకుని పక్కకి తప్పుకున్నారు.

నన్ను దగ్గరికి రావద్దన్నారు కాబట్టి దూరంగా, బూడిద ఎగిరే చోట నిలబడ్డాను. వాళ్లందరూ ఆచారం కోసం పిలుస్తున్నారు. ఆ గుంపులో ఆయన నిజంగా లేవాలని కోరుకున్నది నేనొక్కణ్ణే. బతకక్కర్లేదు. లేచి కూర్చుని ఒక్క ముక్క చెప్పి మళ్లీ పడుకున్నా చాలు. ఆ ఆఖరి పిలుపుకి ఆయన మొహంలోకే చూశాను, పెదాలు కదులుతాయేమోనని.

పాడె ఎత్తారు.